డిమెన్షియా ఉన్న పెద్దలకు ఏ వ్యాపకం నచ్చుతుంది, ఎందుకు నచ్చుతుంది?

ఇంట్లో ఒక పెద్దమనిషికి డిమెన్షియా అని తేలగానే రెండు రకాల సలహాలు వచ్చిపడతాయి. "ఖాళీగా కూర్చోనివ్వకండి, పజిల్స్ చేయించండి, మెదడుకు పని పెట్టండి" అని కొందరంటారు. "ఈ వయసులో ఇంకా ఏం కష్టపెడతారు, హాయిగా వదిలేయండి" అని ఇంకొందరు. రెండూ ప్రేమతో చెప్పే మాటలే. మధ్యలో నలిగిపోయేది దగ్గరుండి చూసుకునేవాళ్లు. ఆశగా కొన్న పజిల్ డబ్బా మూలన పడి ఉంటుంది, టీవీ పొద్దస్తమానం మోగుతుంటుంది. పెద్దాయన సొంత ఇంట్లోనే కూర్చుని "ఇంటికి వెళ్దాం పద" అంటూ ఉంటారు.

ఈ చిక్కు విడదీయాలంటే ఏం చేయించాలి అనే దానికంటే ముందు ఒకటి తెలియాలి. ఈ జబ్బు మనిషిలో దేన్ని ముందు దెబ్బతీస్తుంది, దేన్ని చాలాకాలం ముట్టుకోకుండా వదిలేస్తుంది? నచ్చే పనులు సాధారణంగా ఆ మిగిలిన చోట దొరుకుతాయి.

ముందు పోయేవి, ఆలస్యంగా పోయేవి

డిమెన్షియా అనేది ఒక్క జబ్బు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, నిర్ణయం తీసుకునే శక్తి రోజువారీ జీవితానికి అడ్డుపడేంతగా తగ్గిపోయిన స్థితిని ఆ పేరుతో పిలుస్తారు. దానికి కారణమయ్యే జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో అల్జీమర్స్‌ది పెద్ద వాటా, 60 నుంచి 70 శాతం. మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది వాస్క్యులర్ డిమెన్షియా. లూయీ బాడీ, ఫ్రంటోటెంపోరల్ అనేవి మరో రెండు ముఖ్యమైన రకాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021 నాటికి ప్రపంచమంతా కలిపి 5 కోట్ల 70 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారు.

అల్జీమర్స్ మొదట్లో ఎక్కువగా దెబ్బతీసేది మెదడులో హిప్పోకాంపస్ అనే భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలను. కొత్త సంగతులు జ్ఞాపకంగా నిలవాలంటే ఆ భాగం పనిచేయాలి. అందుకే పొద్దున ఎవరొచ్చారో, ఇందాక ఏం తిన్నారో నిలవదు. జ్ఞాపకాల్లో ఇంకో రకం ఉంది, చేతికి పట్టుబడిన అలవాటు. గుడ్డ మడవడం, మొక్కకు పాదు చేయడం, వాద్యం మీద వేళ్లు ఆడించడం వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఎక్కువగా మెదడు లోపలి బేసల్ గాంగ్లియా, వెనుక ఉండే సెరిబెల్లమ్ మీద ఆధారపడతాయి. అల్జీమర్స్ అక్కడికి చేరడం ఆలస్యం. సూదిని చూపించి "ఇదేంటి?" అంటే పేరు చెప్పలేని ఆవిడే, దాన్ని చేతిలో పెడితే కుట్టు వేయవచ్చు.

పాత జ్ఞాపకాలు కూడా అన్నీ ఒకేలా పోవు. మామూలుగా ఎవరికైనా వయసు మళ్లాక 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువ గుర్తొస్తాయి. డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామంది ఆ కాలం కబుర్లలోకే మాటిమాటికీ వెళ్లడానికి అదొక కారణం. ఇక పెద్దాయన వెళ్దామంటున్న ఆ ఇల్లు చిన్నప్పటి ఇల్లు కావచ్చు. ఏ ఇల్లూ కాకుండా, తనకు భయం లేని చోటు కావాలని అడగడమూ కావచ్చు.

ఇష్టం పోయిందా, మొదలుపెట్టడం రావట్లేదా

"ఏం చేద్దామన్నా వద్దంటున్నారు, దేనిమీదా ఆసక్తి లేదు." దాదాపు ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. డిమెన్షియాలో బాగా తరచుగా కనిపించే లక్షణాల్లో ఈ నిరాసక్తత ఒకటి. వైద్యులు దీన్ని ఏపథీ అంటారు. బయటికి బద్ధకంలా, మొండితనంలా కనిపిస్తుంది, రెండూ కాదు. ఒక పని తలపెట్టడం, ముందు ఏది తర్వాత ఏది అని వరసపెట్టుకోవడం, మధ్యలో వదలకుండా సాగించడం ఇవన్నీ మెదడు ముందుభాగం చూసుకునే పనులు. అక్కడ దెబ్బ తగిలితే ఇష్టం ఉన్నా అడుగు పడదు. బండి బాగానే ఉంది కానీ సెల్ఫ్ పనిచేయట్లేదు, ఎవరో ఒకరు కాస్త తోస్తే కదులుతుంది.

అడిగే తీరు ఫలితాన్ని మార్చేది ఇందుకే. "ఏం చేస్తావు పిన్నీ?" అన్న ప్రశ్నకు జవాబివ్వాలంటే ఆమె లేని ఆలోచనలను పుట్టించాలి, పోల్చాలి, ఒకటి ఎంచుకోవాలి. జబ్బు దెబ్బతీసిన పనులే అవన్నీ. "వద్దు" అనడం వాటన్నిటికంటే తేలిక. అదే పిన్ని ముందు ఉతికిన తువ్వాళ్లు పెట్టి, పక్కన కూర్చుని ఒకటి మడవడం మొదలుపెడితే, కాసేపటికి ఆమె చేయి దానంతటదే రెండో తువ్వాలు మీదికి వెళ్లవచ్చు.

నిరాసక్తతకూ డిప్రెషన్‌కూ తేడా ఉంది. నిరాసక్తతలో మనిషికి పెద్దగా బాధ కనిపించదు, ఎవరైనా మొదలుపెట్టిస్తే ఆ పనిలో సంతోషపడగలరు కూడా. డిప్రెషన్‌లో దిగులు, కన్నీళ్లు, "నేను భారమైపోయాను" అనే మాటలు ఉంటాయి. నచ్చిన పని ముందు పెట్టినా ముఖం విప్పారదు. రెండూ కలిసి ఉండటమూ మామూలే. వ్యాపకాలతో తేలని దిగులుకు డాక్టర్ కావాలి.

సంగతి మరిచిపోయినా సంతోషం మిగులుతుందా?

"బయటికి తీసుకెళ్లాం, ఎంత సంతోషపడ్డారో! ఇంటికొచ్చాక అడిగితే అసలు వెళ్లలేదంటున్నారు. ఇంత కష్టపడి ఏం లాభం?" ఈ నిట్టూర్పులో న్యాయముంది. దీనికి జవాబు అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొంత దొరుకుతుంది. అల్జీమర్స్ ఉన్న 17 మందికి, ఆరోగ్యంగా ఉన్న మరో 17 మందికి సినిమాల నుంచి తీసిన దృశ్యాలు చూపించారు. ఒకసారి దిగులు పుట్టించేవి, ఇంకోసారి నవ్వు పుట్టించేవి. కొద్ది నిమిషాల తర్వాత అడిగితే అల్జీమర్స్ ఉన్నవాళ్లకు చూసినదాంట్లో చాలా తక్కువే గుర్తుంది. దిగులూ సంతోషమూ మాత్రం సినిమా అయిపోయాక కూడా వాళ్లలో ఉన్నాయి. ఎందుకు దిగులుగా ఉందో తెలియకుండానే ఆ దిగులు సాగింది.

ఇది చిన్న అధ్యయనమే. ఆ ఉద్వేగాలను కొలిచింది అరగంట వరకే. ఒక మంచి మధ్యాహ్నం వల్ల వారమంతా బాగుంటుందని దీన్నుంచి చెప్పలేం. అయినా ఇంట్లో చూసుకునేవాళ్ల లెక్కను మార్చడానికి ఇది చాలనే నా అభిప్రాయం. ఒక వ్యాపకం మంచిదా కాదా అన్నది మర్నాడు గుర్తుందా లేదా అనే దానితో తేల్చకూడదు. అది జరుగుతున్నప్పుడు, జరిగిన కాసేపటికి మనిషి ఎలా ఉన్నారన్నదే కొలత. దీనికి రెండో వైపు కూడా ఉంది. పజిల్ ముక్క తప్పు పెట్టినందుకు "అది కాదు, ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కుంటే, ఆ మాట వాళ్లు మరిచిపోతారు. చిన్నబుచ్చుకున్న మనసు మాత్రం అలాగే ఉండిపోవచ్చు. సాయంత్రం ఏ కారణమూ లేకుండా చిరాకు పడుతున్నట్టు కనిపించే మనిషికి, తనకు గుర్తులేని కారణం ఉండి ఉండొచ్చు.

మెదడుకు వ్యాయామం అనే వాదన ఎంతవరకు నిలుస్తుంది

మొదట చెప్పిన రెండు సలహాల్లో పజిల్స్ పక్షానికి కొంత బలం ఉంది. బ్రిటన్‌లో రూపొందిన కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ అనే పద్ధతిలో కొద్దిమందిని ఒక గుంపుగా కూర్చోబెట్టి బొమ్మలు, శబ్దాలు, వార్తలు, మాటల ఆటల మీద కబుర్లు సాగిస్తారు. మొత్తం 7 వారాల్లో 14 సమావేశాలు. 2003లో వెలువడిన పరీక్షలో 201 మంది పాల్గొన్నారు. ఇందులో చేరినవాళ్ల ఆలోచనాశక్తి పరీక్ష మార్కులు, జీవన నాణ్యత రెండూ చేరనివాళ్ల కంటే కొంత మెరుగ్గా వచ్చాయి.

ఇదే కోవలో కనిపించేది ఇంకొకటి ఉంది, కాగ్నిటివ్ ట్రైనింగ్. జ్ఞాపకశక్తి లాంటి ఒక్కో నైపుణ్యాన్ని పట్టుకుని, దానికోసం తయారుచేసిన అభ్యాసాలను పదేపదే చేయించడం దీని పద్ధతి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో ఈ రెంటినీ విడదీసి చెప్పింది. స్వల్ప, మధ్యస్థ దశల్లో ఉన్నవాళ్లకు గుంపుగా చేసే స్టిమ్యులేషన్ థెరపీని అందించమంది. స్వల్ప, మధ్యస్థ అల్జీమర్స్‌కు ట్రైనింగ్‌ను మాత్రం అందించవద్దంది. మనిషి ఇష్టాలకు తగ్గట్టు మలిచిన రకరకాల వ్యాపకాలు ఉండాలని కూడా అదే పత్రంలో ఉంది.

తేడా ఎక్కడుంది? మొదటిదాంట్లో తప్పొప్పులు ఉండవు. "ఈ ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారు?" అంటే ఏం చెప్పినా జవాబే. రెండోదాంట్లో ప్రతి ప్రశ్నకూ ఒకే సరైన జవాబు, ప్రతి రోజూ ఒక పరీక్ష. జబ్బు ముదిరేకొద్దీ మార్కులు తగ్గడం తప్పదు, ఆ తగ్గుదలను మనిషి తన కళ్లతో చూడాలి. పజిల్స్ అంటే ప్రాణం పెట్టే మనిషి ఉంటే అది వేరే సంగతి. గళ్లనుడికట్టు నింపడం ఒకరికి 40 ఏళ్ల అలవాటైతే, కాస్త తేలికైనది ముందుంచితే హాయిగా నింపుతారు. ఎన్నడూ అటు చూడని మనిషి చేత మందులా మింగించడంలోనే ఇబ్బంది.

హాయిగా వదిలేయండి అనేవాళ్ల మాటలోనూ నిజముంది, అలసట నిజం. ఈ జబ్బులో చిన్న సంభాషణ కూడా శ్రమే. కానీ వదిలేయడం అనేది ఆచరణలో చాలాసార్లు కుర్చీలో ఒంటరిగా గంటలు గంటలు కూర్చోబెట్టడంగా మారిపోతుంది. వ్యక్తి కేంద్రంగా సాగే సంరక్షణ అనే ఆలోచనకు పునాది వేసిన బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ కిట్‌వుడ్, డిమెన్షియా ఉన్న మనిషి మానసిక అవసరాల్లో ఓదార్పు, అనుబంధం, నలుగురిలో చోటు, తన గుర్తింపుతో పాటు చేయడానికి ఒక పని ఉండటాన్ని కూడా చేర్చారు. పనిలేకపోవడం విశ్రాంతి కాదన్న ఆ మాట వైపే నేను మొగ్గుతాను.

బాబాయి, టైలరింగ్, కత్తెర లేని కుట్టుపని

ఒక ఊహాజనితమైన కుటుంబాన్ని తీసుకుందాం. బాబాయికి 78 ఏళ్లు, జీవితమంతా టైలర్. జబ్బు మధ్యస్థ దశలో ఉంది. పాత మిషన్ ముందు కూర్చోబెడితే దారం ఎక్కించలేక, పాదం కింద గుడ్డ జరపలేక చిరాకుపడి లేచిపోయారు. టైలరింగ్ ఇక కుదరదని ఇంట్లోవాళ్లు అనుకున్నారు.

టైలరింగ్‌లో ఆయనకు నచ్చింది ఏమిటని విడదీసి చూస్తే ఒక్క పని కనపడదు. గుడ్డను వేళ్ల మధ్య నలిపి నాణ్యం చూడటం ఒకటి. టేపుతో కొలవడం, సుద్దముక్కతో గీత గీయడం ఇంకొకటి. గుండీలకు రంగు జతపరచడం మరొకటి. వీటన్నిటికంటే పెద్దది, నలుగురూ వచ్చి "ఇది నాకు బాగుంటుందా?" అని ఆయన్ను అడగడం. జబ్బు తీసుకుపోయింది మిషన్ నడిపే భాగాన్ని. గుడ్డ తాకితే తెలిసే వేళ్లు ఉన్నాయి, తనను అడిగితే బాగుండుననే కోరికా ఉంది.

అందుకని అన్న కూతురు రెండు గుడ్డముక్కలు తెచ్చి "కుర్చీ కవర్లకు ఈ రెండిట్లో ఏది ఆగుతుంది బాబాయ్?" అంటుంది. ఇరవై ముక్కలు తెస్తే ఆయన తికమకపడతారు, రెండైతే తేల్చగలరు. ఆయన ఒకదాన్ని నలిపి చూసి పక్కన పెడతారు. తర్వాత టేపు చేతికిస్తే కుర్చీ కొలుస్తారు. పైకి చదివిన అంకె తప్పు కావచ్చు. దాన్ని సరిదిద్దాల్సిన అవసరం లేదు, అసలు కొలత ఆమె తర్వాత తీసుకుంటుంది. వేరే రోజు ముందే దారం ఎక్కించిన పెద్ద సూది, రంధ్రాలు పెద్దవిగా ఉన్న గుండీలు, దళసరి గుడ్డ. కత్తెర కనపడని చోట ఉంటుంది. పది నిమిషాలకు లేచిపోతే ఆ రోజుకు అంతే.

ఇక్కడ పని చిన్నదైంది కానీ పిల్లల ఆటగా మారలేదు. అన్ని రంగుల గుండీలు కలిపేసి "వేరుచేయండి" అని ఇచ్చి, ఆయన చేశాక కళ్లముందే మళ్లీ కలిపేస్తే అది వేరు. చేసినదానికి అర్థం లేదని ఆయనకు తెలుస్తుంది. గుండీలు నిజంగా ఒక చొక్కాకు కావాలంటే అదే పని గౌరవమవుతుంది.

ఇలా విడదీసి చూడటం కొత్త ఆలోచన కాదు. అమెరికాలో లారా గిట్లిన్ బృందం రూపొందించిన పద్ధతిలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు చేసుకోవడానికి తోడ్పడే నిపుణులు) ఇంటికే వచ్చి మనిషికి ఏం మిగిలిందో, ఏమంటే ఇష్టమో చూసి, దానికి తగ్గ పనులను ఇంట్లోవాళ్లకు నేర్పుతారు. 60 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించిన తొలి పరీక్షలో, అడిగిందే అడగడం, చూసుకునేవాళ్ల వెనకాలే తిరగడం వంటివి తగ్గాయి. కామెరాన్ క్యాంప్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1990లలో మాంటిస్సోరి సూత్రాలను డిమెన్షియాకు మలిచారు. తేలికైన మెట్లు, చేతితో పట్టుకునే వస్తువులు, చేసి చూపించడం, తప్పుకు చోటు లేకుండా పనిని అమర్చడం అక్కడా కనిపిస్తాయి. పిల్లల పద్ధతి పెద్దలకా అని కొందరికి అభ్యంతరం. అరువు తెచ్చుకున్నది సూత్రాన్ని, పిల్లల బొమ్మల్ని కాదు. సామాను పెద్దవాళ్లదే ఉంటే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

ఫొటోలు, పాటలు, "నేనెవరో చెప్పు" అనే ఉచ్చు

ఫొటో ఆల్బమ్ అందరికీ తట్టే వ్యాపకం. అది పాడయ్యేది కూడా ఒకే రకంగా, "ఇదెవరో చెప్పు చూద్దాం?" అనే ప్రశ్నతో. చూసే నలుగురూ ఊపిరి బిగబట్టి ఉంటారు, అమ్మమ్మకు టెన్షన్, జవాబు రాదు. అదే ఫొటో చూపించి "పెద్దమామయ్య పెళ్లి అమ్మమ్మా. నీ చీర అంచు ఎంత వెడల్పో చూడు" అంటే జ్ఞాపకం పరీక్ష పోయి కబురు మొదలవుతుంది. ఆవిడ చీర గురించి చెప్పొచ్చు, ఎవరి గురించో ఇంకేదో చెప్పొచ్చు, ఊరికే ఫొటోని నిమరొచ్చు. పాత కబుర్లను చికిత్సగా వాడటం మీద పరిశోధనలు చాలా జరిగాయి, ప్రయోజనం ఉన్నా అది చిన్నదే, చోటును బట్టి మారుతుంది. పోయిన భర్త ఫొటో ఒకరికి ఊరట, ఇంకొకరికి ఆ వార్త మొదటిసారి విన్నంత దుఃఖం.

పాటకు ఒక అదనపు బలం ఉంది. చిరకాలంగా తెలిసిన సంగీతం వింటున్నప్పుడు పనిచేసే మెదడు భాగాలు అల్జీమర్స్‌లో మిగతావాటికంటే తక్కువగా దెబ్బతింటాయని 2015లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. మాట తడబడే మనిషి పాట చరణం పూర్తిగా పాడటం వెనుక కారణం ఇది కావచ్చు. ఏ పాట అన్నది ముఖ్యం. వయసును చూసి భక్తిపాటలు పెట్టేస్తుంటారు. ఆ మనిషి పాతికేళ్లప్పుడు కూనిరాగం తీసింది ప్రేమపాటలైతే, అవే కావాలి. రోజంతా వెనకాల మోగే పాట మాత్రం కాసేపటికి రొద అవుతుంది.

చేతిలో బొమ్మ ఉంటే పరువు పోతుందా?

కొందరు, ముఖ్యంగా జబ్బు ముదిరినవాళ్లు, పసిపాప బొమ్మను ఒళ్లో పెట్టుకుని జోకొడతారు, ఆందోళన తగ్గుతుంది. చూసే కొడుకులకు, కూతుళ్లకు గుండె తరుక్కుపోతుంది. పెద్దమనిషిని చిన్నపిల్లను చేస్తున్నామనీ, బొమ్మను నిజం పాప అనుకోనివ్వడం మోసమనీ ఒక వాదం. లాలించాలనే కోరిక ఇంకా ఉన్నప్పుడు దానికి దారి మూయడమే అన్యాయమని ఇంకో వాదం. బొమ్మను చేతుల్లోకి తోయకుండా అందేచోట ఉంచి, తీసుకోవడమా వద్దా అన్నది వాళ్లకే వదిలేయడం ఈ రెండిటి మధ్య దారి. నాకూ అదే సరైనదనిపిస్తుంది. బొమ్మను తాకని మనిషి కూడా తన ఇష్టం చెప్పినట్టే. "ఇది బొమ్మేగా?" అని వాళ్లే అడిగితే అవుననడంలో నష్టం లేదు.

ఒకే పని ఒకరికి కుదిరి ఇంకొకరికి కుదరకపోవడానికి కారణాలు

లూయీ బాడీ రకంలో చురుకుదనం గంటగంటకూ మారుతుంది. పొద్దున చేసిన పని మధ్యాహ్నం చేయలేకపోవడం నటన కాదు. ఫ్రంటోటెంపోరల్ రకంలో జ్ఞాపకం కంటే ముందు ప్రవర్తన, మాట మారుతాయి, ఒకే పనిని పదేపదే చేయడం కనిపిస్తుంది, కాబట్టి అలా చేయగలిగే పనే వాళ్లకు సుఖం కావచ్చు. చాలామందికి సాయంత్రం అయ్యేసరికి కలవరం పెరుగుతుంది. కొత్త పని ఏదైనా పొద్దుట పూట నెగ్గే అవకాశం ఎక్కువ.

కళ్లు, చెవులు మరో సంగతి. తెల్ల బల్ల మీద తెల్ల కాగితం కనపడకపోవచ్చు, నేల మీద నల్ల చాప గొయ్యిలా కనపడి అడుగు ఆగిపోవచ్చు. వినికిడి యంత్రంలో బ్యాటరీ అయిపోయినా, కళ్లజోడు మసకబారినా బయటికి కనపడేది "ఆసక్తి లేదు" అనే.

మాట పోయిన దశలో అవును, కాదు

చివరి దశలో వ్యాపకం అంటే తాకడం, వినడం, వాసన చూడటం. చేతికి నూనె రాయడం, మెత్తటి గుడ్డ, ఎండ పొడ, తెలిసిన గొంతు. ఇవి ఐదు నిమిషాలున్నా వ్యాపకమే. మాట లేదు కాబట్టి ఇష్టాయిష్టాలను శరీరమే చెబుతుంది. వస్తువును చూపుతో వెంబడించడం, వేళ్లు బిగించి పట్టుకోవడం, ఊపిరి నెమ్మదించడం అవునన్నట్టు. ముఖం తిప్పుకోవడం, భుజాలు బిగుసుకోవడం, మూలగడం చాలన్నట్టు. ఏది చేసినప్పుడు ఏం కనిపించిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకునే ఇళ్లలో, చూసుకునే మనిషి మారినా ఆ తెలివిడి పోదు.

నిన్నటిదాకా నచ్చిన పని మీద ఒక్క రోజులో మొహం మొత్తితే, మనిషి ఉన్నట్టుండి మగతగానో విపరీతమైన కలవరంగానో మారితే అది జబ్బు ముదరడం కాకపోవచ్చు. డిమెన్షియా సాధారణంగా నెలల్లో, ఏళ్లలో మారుతుంది. గంటల్లో, రోజుల్లో వచ్చే మార్పు వెనుక మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నొప్పి, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలైన మందు వంటివి ఉంటాయి. దాన్ని డెలీరియం అంటారు. చాలావరకు చికిత్స ఉన్న స్థితి అది. అలాంటప్పుడు వ్యాపకాన్ని పక్కనపెట్టి ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.